తూర్పుకు రెండే మెట్లు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు మధ్యయుగాల చరిత్ర ఎక్కడ చదువుకుంటున్నారని ఎవరైనా అడిగితే బడిపుస్తకం పేరు చెప్పి ఊరుకోలేం. బడిపుస్తకంలో ఆ పాఠం పరీక్ష ముందురోజు తెరుచుకుంటుంది, పరీక్ష మర్నాడు మూసుకుంటుంది. అదే పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఊళ్లు కట్టి, పన్నులు వేసి, ఓడలు నడిపే ఆటలు రాత్రి పన్నెండు దాకా ఆడతాడు. ఏ సరుకు ఏ దీవిలో పండుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అంటే అతనికి చరిత్ర చెప్పే పంతులు ఆ ఆటే. పంతులు ఏం చెబుతున్నాడో వినే బాధ్యత మనమీద ఉంది. కథనీ సినిమానీ పట్టి చదివినట్టే ఆటనీ పట్టి చదవాలి.

'ఇది సరదా కోసం చేసింది, చరిత్ర గ్రంథం కాదు కదా' అనే మిత్రులున్నారు. నిజమే. కానీ ఆట తయారుచేసినవాడు దేన్ని లెక్కపెట్టాలో, దేన్ని వదిలెయ్యాలో నిర్ణయిస్తాడు. చెట్టు కొడితే కలప పెరుగుతుందని లెక్క కడతాడు. కొట్టినవాడి వీపు నొప్పిని లెక్క కట్టడు. ఏది లెక్కకొస్తుంది, ఏది రాదు అన్న ఎంపికలోనే ఒక దృక్పథం ఉంది. దాన్ని విమర్శించడానికి గ్రంథమే కానక్కర్లేదు.

నేను తీసుకున్న ఆట 'ఆనో 1404'. 2009లో వచ్చింది. జర్మనీకి చెందిన రిలేటెడ్ డిజైన్స్, బ్లూ బైట్ సంస్థలు తయారుచేస్తే యూబీసాఫ్ట్ విడుదల చేసింది. 2020లో కొత్త కంప్యూటర్లకు తగ్గట్టు మళ్లీ వచ్చింది. ఇందులో సముద్ర వర్తకమే ప్రాణం. ముందు ఓడ కట్టాలి. తర్వాత వర్తక మార్గాల పట్టిక తెరిచి, ఓడ ఏ ఏ దీవుల దగ్గర ఆగాలో వరసగా గుర్తుపెట్టాలి. ఒక్కో రేవులో ఏ సరుకు ఎన్ని టన్నులు ఎక్కించాలో, ఏది దించాలో రాసిపెట్టాలి. ఒకసారి దారి కుదిరితే ఓడ దానంతటదే తిరుగుతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట లెక్క తప్పితే, గోదాములో సరుకు నిండుకుని ఊళ్లో జనం అలుగుతారు. పన్ను పడిపోతుంది. ఊరు వెనక్కి నడుస్తుంది.

ఈ ఆట చేసిన మంచి ముందు చెప్పాలి. ఏ ఊరూ ఒంటరిగా ఎదగదని ఇది పిల్లలకు నేర్పుతుంది. పడమటి పౌరుడికి పప్పులోకి మసాలా కావాలన్నా అది తూర్పు దీవి నుంచే రావాలి. పడమటివాడు పుస్తకం అచ్చు వెయ్యాలంటే కాగితంతో పాటు నీలిమందు కావాలి. ఆ నీలిమందు తూర్పు ఎడారి దీవుల్లో, నీటిచక్రం తిప్పి తడిపిన నేలలో పండాలి. మన దగ్గర చరిత్ర పాఠం రాజుల పెళ్లిళ్లూ యుద్ధాలూ చెప్పింది కానీ, ఒకడి పుస్తకంలో ఇంకొకడి నీలిమందు ఉందన్న మాట చెప్పిందా? ఇంకో మంచి కూడా ఉంది. ఈ ఆట కథలో కుట్రదారు ముస్లిం కాదు. జెండా ఎత్తి క్రూసేడుకు మనుషుల్ని పోగుచేసే కార్డినల్ లూసియస్ దుర్మార్గుడు. సుల్తాను వజీరు అల్ జాహిర్ పెద్దమనిషి, స్నేహితుడు. ప్రపంచమంతా ముస్లింను అనుమానంగా చూస్తున్న కాలంలో ఇలా రాయడం చిన్న విషయం కాదు.

అయినా ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఆటాడేవాడు ఎప్పుడూ పడమటి ప్రభువే. తూర్పువాడిగా ఆట మొదలుపెట్టే వీలు లేదు. పడమటి జనానికి నాలుగు మెట్లున్నాయి: రైతులు, పౌరులు, పట్టణ పెద్దలు, ప్రభువులు. గుడిసెలో మొదలైనవాడు మేడ దాకా ఎక్కగలడు. ఒక్కో మెట్టుకీ కొత్త కోరికలు, కొత్త వృత్తులు, కొత్త ఇళ్లు. తూర్పు జనానికి రెండే మెట్లు: సంచార జనం, ఆ పైన రాయబారులు. అంతే. గుడారంలో ఉన్నవాడు ఖర్జూరం, పాలు, తివాచీ అడుగుతాడు. పైమెట్టువాడు కాఫీ, ముత్యాల హారం, అత్తరు, బాదం మిఠాయి అడుగుతాడు. మధ్యలో ఎవరూ లేరు. నేతగాడు లేడు, రంగులవాడు లేడు, గుమాస్తా లేడు, ఓడ సరంగు లేడు. వాళ్లు చేసే పని కనిపిస్తుంది. వాళ్లకు ఒక మెట్టు మాత్రం లేదు. ఇక సముద్రపు దొంగల నాయకుడికి పెట్టిన పేరు చూడండి: హసన్ బెన్ సాహిద్. వజీరు ఒక కొస, సముద్రపు దొంగ ఇంకో కొస. ఈ రెండు కొసల నడుమ బతికిన వేలాది మామూలు ముస్లింలకు ఆటలో పేరు లేదు.

ఇది మనకు తెలియని సంగతా? తెలుగు సినిమాలో ముస్లిం పాత్ర గుర్తు తెచ్చుకోండి. హీరో కోసం ప్రాణమిచ్చే మంచి భాయి, లేకపోతే బాంబు పెట్టేవాడు. అమ్మకు మందులు తెచ్చుకునే కొడుకుగా, ఇంటి అద్దె గురించి గొడవపడే అద్దెదారుగా, కూతురి ఫీజు కట్టలేక సతమతమయ్యే తండ్రిగా ఎన్నిసార్లు కనిపించాడు? దుర్మార్గుడిగా చూపించడం ఒక అన్యాయం. ఎప్పుడూ ఇంకొకరి కథలో మంచివాడిగానే చూపించడం, మెత్తగా చేసినా, ఇంకో అన్యాయం.

రెండో ఆట ఇంకా పాతది, ఇంకా ఎక్కువమంది ఆడింది. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగం 1999లో వచ్చింది. ఇందులో సముద్ర వర్తకం మరీ సులువు. మీ రేవులో వర్తకపు ఓడ కట్టి, ఇంకో ఆటగాడి రేవు మీద మౌస్ నొక్కితే చాలు. ఓడ వెళ్లి బంగారం తెస్తుంది. రెండు రేవుల నడుమ దూరం ఎంత ఎక్కువైతే అంత బంగారం. ఓడలో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. బట్ట లేదు, మిరియం లేదు, మనిషి లేడు. దూరమే బంగారంగా మారుతుంది.

ఈ ఆటలో 2022లో భారతదేశాన్ని విడదీశారు. అంతకుముందు 'ఇండియన్స్' అని ఒకటే ఉండేది. దాని పేరు హిందుస్తానీలని మార్చి, ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు అని కొత్తగా మూడు చేర్చారు. మంచిదే. దేశం ఒకే ముద్ద కాదని ఒప్పుకున్నారు. అయితే హిందుస్తానీలు ఢిల్లీ, ఆగ్రా వైపు గుర్రాలూ ఒంటెలూ తోలేవాళ్లు. వాళ్ల కథానాయకుడు బాబర్. ద్రవిడులు తమిళం మాట్లాడతారు. వాళ్ల కథానాయకుడు రాజేంద్ర చోళుడు. సముద్రం వాళ్లదే. కోదాడలో మా చెల్లెలి కొడుకు ఈ పట్టిక ముందు ఆగి అడిగాడు: 'మామూ, ఇందులో మనది ఏది?'

ఆ ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు లేదు. హిందుస్తానీలను ఎంచుకుంటే దక్కన్ పోతుంది, తెలుగు పోతుంది, సముద్రం దూరమవుతుంది. ద్రవిడులను ఎంచుకుంటే ఇంట్లో మాట్లాడే ఉర్దూ పోతుంది, జుమ్మా నమాజు పోతుంది. ఒక నాగరికతకు ఒక భాష, ఒక గుడి, ఒక రూపం అని ఆట కట్టిన లెక్క. ఆ లెక్కలో ఉర్దూ తెలుగు రెండూ సొంతమైన పిల్లవాడికి గడి లేదు. బయట కూడా అతన్ని ఇదే అడుగుతున్నారు. 'నువ్వు ముందు ముస్లింవా, తెలుగువాడివా?' 'తెలుగు ఇంత బాగా ఎట్లా మాట్లాడతావు?' అని మెచ్చుకోలుగా అడిగేవాళ్లూ ఉన్నారు. పుట్టిన ఊరి భాష మాట్లాడినందుకు మెప్పు పొందాల్సిన స్థితి ఎంత నొప్పిగా ఉంటుందో అడిగేవారికి తెలియదు. అతన్ని ఎంచుకోమంటున్న ఆ పట్టికే తప్పు.

అది తప్పని రుజువు చెయ్యడానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. మా ఊళ్ల ముందునుంచి పోయే రోడ్డు చాలు. హైదరాబాదు నుంచి సూర్యాపేట, కోదాడ మీదుగా మచిలీపట్నం చేరే ఈ దారిని ఒకప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం. ఇప్పుడు అరవై అయిదు. గోల్కొండనూ సముద్రాన్నీ కలిపిన పాత దారికి ఇది వారసురాలు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ నుంచి కొల్లూరు గని మీదుగా బందరు వెళ్లే మజిలీలు రాసిపెట్టాడు. అందులో హయత్‌నగర్, పంతంగి, పానగల్లు గుర్తుపట్టగలం. పంతంగి దగ్గర ఇప్పుడు టోల్‌గేటు ఉంది. 'రహదారి' అన్న మాటే ఫారసీ. బాటసారుల దగ్గర, బండ్ల దగ్గర వసూలు చేసే సుంకాన్ని రాహ్‌దారీ అనేవారు. సుంకం పేరు తెలుగులో దారి పేరయింది. కొల్లూరు గనిలో అరవై వేలమంది దాకా పనిచేసేవారని టావెర్నియే రాశాడు. ఆ గని ఉన్న చోటు ఇవాళ పులిచింతల జలాశయం కింద ఉంది. దానికి ఇవతలి ఒడ్డు మా సూర్యాపేట జిల్లా.

ఇంకా వెనక్కి వెళితే మోటుపల్లి ఉంది. 1244-45 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ఇకమీదట అలా లాక్కోమని, న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోమని గణపతిదేవుడు దేశదేశాల వర్తకులకు మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒకటి. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు ఆ జాబితాలో ఉన్నాయి. వచ్చిన వర్తకుడు ఏ దేవుణ్ణి మొక్కుతాడన్న షరతు అందులో లేదు. ఆ శతాబ్దం చివర్లో ఇటు వచ్చిన మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని రేవు పేరుతోనే పిలిచి, ఇక్కడి వజ్రాలనూ సన్నబట్టనూ పొగిడాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ భరోసా రాయించాడు.

ఈ శాసనం ముందు ఆటను పెట్టి చూడండి. ఆటలో ఓడ ఎప్పుడు కావాలంటే అప్పుడు బయల్దేరుతుంది. మన తీరంలో అది సాగదు. ఈశాన్య రుతుపవనం వచ్చిందంటే కోరమాండల్ తీరంలో ఓడ నిలబెట్టడం ప్రాణాంతకం. పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేవు. దూరంగా లంగరు వేస్తే, మేకుల్లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో పల్లెకారులు అలల్ని దాటించి సరుకు చేరవేసేవారు. గాలి కోసం నెలలు ఎదురుచూడాలి. ఎదురుచూసినన్నాళ్లూ అప్పు కావాలి. అప్పుకు నమ్మకం కావాలి. పరాయి ఒడ్డున నన్ను దోచుకోరన్న ధీమా కావాలి. ఆ ధీమాను రాతిమీద చెక్కితేగానీ రేవు నిలబడలేదు. సముద్ర వర్తకానికి అసలు పెట్టుబడి ఈ అభయం. రెండు ఆటల్లోనూ కలపకు, రాయికి, బంగారానికి లెక్క ఉంది. దీనికి లేదు. అందుకే వాటిలో కుదిరే వర్తక మార్గం ఇంత తేలిక.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలానికి ఈ వ్యాపారం మచిలీపట్నం చేరింది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడికొచ్చారు. వాళ్లు రాకముందే ఆ రేవు నుంచి పెగూకు, అచేకు, ఎర్రసముద్రానికి ఓడలు తిరిగేవి. హజ్ యాత్రికులు అక్కడ ఓడ ఎక్కేవారు. మచిలీపట్నానికి జనం పెట్టుకున్న పేరు బందరు. బందర్ అంటే ఫారసీలో రేవు. ఆ ఊరు రెండు పేర్లతో బతికింది. ఎవరూ దాన్ని ఒకటి ఎంచుకోమనలేదు. అక్కడి అద్దకం బట్ట పేరు కలంకారీ, కలం పట్టి చేసే పని అని ఫారసీ. బట్ట నేసినవాడు తెలుగువాడు. ఎరుపు ఎక్కించింది ఇక్కడి ఇసుక నేలల సిరివేరు. కొనుక్కుని మురిసింది ఇరాన్. ఈ బట్టలో ఎవరి పోగు ఎవరిదో విడదీసి చూపించమంటే ఏ మతవాది చూపిస్తాడు?

మాటల్లో చూసినా అంతే. మిర్యాలగూడ బియ్యం మిల్లులో ఒక రోజు లెక్క రాయండి. జమ, ఖర్చు, బాకీ, నగదు, వసూలు, రసీదు, రవాణా, దలాలీ. ఇవన్నీ అరబ్బీ, ఫారసీ నుంచి వచ్చి తెలుగు చిట్టాలో స్థిరపడ్డాయి. 'మీరంతా బయటినుంచి వచ్చినవాళ్లు' అని గొంతు చించుకునే పెద్దమనిషి కూడా సాయంత్రం ఈ మాటలతోనే దుకాణం కడతాడు. మాటల్ని వాడుకుని మనిషిని మాత్రం పొమ్మనడం ఏ వ్యాపార నీతి?

నీలిమందు సంగతి కూడా ముగించాలి. ఆటలో అది పేరులేని ఎడారి దీవిలో పండుతుంది. మనకు తెలిసిన నీలిమందుకు ఊరి పేరుంది. కోదాడకు అవతల, ఖమ్మం జిల్లా నాగులవంచలో 1669లో డచ్చి కంపెనీ కోఠీ పెట్టింది. నీలిమందు, బట్టలు కొనడానికి. 1687లో అది మూతపడింది. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన సంవత్సరం కూడా అదే. నాగులవంచ ఇవాళ మామూలు పల్లె. యూరప్ బట్టలకు రంగు పంపిన పల్లెల్లో ఇదొకటని ఆ ఊరి పిల్లలకైనా ఎవరైనా చెప్పారా?

ఇంతా చెప్పి కుతుబ్‌షాహీ కాలాన్ని స్వర్గం చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. మనలో కొందరికి ఆ జబ్బు ఉంది. నవాబుల షేర్వాణీలు తలుచుకుని నిట్టూర్చడమే అస్తిత్వం అనుకుంటారు. బందరు రేవును ఏలిన మీర్ జుమ్లా ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చినవాడు. సొంత ఓడలు, వజ్రాల గనులు సంపాదించాడు. లాభం చూసుకుని సుల్తానును విడిచి మొగలుల పక్కన చేరాడు. ఆయన గొప్పదనం ఆయనది. దూది ఏకి, గాజులమ్మి, బట్ట కుట్టి బతికిన మా తాతలకు ఆయన ఏమీ కాడు. ఆ రోజుల్లో నేతగాడు బయానా తీసుకుని అప్పులో మునిగేవాడు, హిందువైనా ముస్లిమైనా. 1630ల కరువులో ఈ తీరం అల్లాడింది. ఆ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడి మనుషుల్నే బానిసలుగా కొని ఓడలెక్కించారు. వర్తక మార్గం అంటే ఇది కూడా. 'ఆనో' ఓడల్లో ఈ సరుకు కనిపించదు. అందులో తూర్పుకు మధ్య మెట్లు లేవని అడిగే మనం, మన కథల్లో కూడా నవాబుకూ ఫకీరుకూ నడుమ ఉన్నవాళ్లను ఎంతమందిని రాశామో చూసుకోవాలి. దూదేకుల సాయిబుకు మన చరిత్రలోనైనా ఒక మెట్టు కట్టామా?

తర్వాతి కథ తెలిసిందే. 1759లో ఇంగ్లీషువాళ్లు బందరు కోటను పట్టుకున్నారు. 1766 ఒప్పందంతో నిజాం ఉత్తర సర్కారులను వాళ్లకు వదిలాడు. రోడ్డు మిగిలింది, దాని చివర ఉన్న సముద్రం పరాయిదయింది. 1864 నవంబరు ఉప్పెన బందరులో దాదాపు ముప్పై వేలమందిని మింగింది. రేవు మళ్లీ కోలుకోలేదు. కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. సూర్యాపేట రోడ్డు పక్క షెడ్డుల్లో లారీల కింద పడుకుని బోల్టులు బిగించే ముస్లిం పిల్లలకు ఈ దారి ఏదో ఒకనాడు సముద్రం నుంచి మక్కా దాకా, జావా దాకా సాగిందని తెలియదు. తెలిస్తే కూలి పెరగదు. కానీ 'నువ్వు ఎక్కడివాడివి' అని ఎవడైనా అడిగినప్పుడు తల దించుకోనక్కర్లేదని తెలుస్తుంది.

సెక్యులర్ మిత్రులు ఇక్కడ ఒక మాట అంటారు. ఆటలోకి మతాన్ని ఎందుకు లాగుతారని. లాగింది మేం కాదు. మసీదు ఎక్కడ కట్టాలో, ముస్లిం ఎన్ని మెట్లు ఎక్కాలో ముందే రాసిపెట్టిన ఆట అది. రాసిపెట్టినదాన్ని చదువుతున్నాం. ఆడొద్దని కూడా అనడం లేదు. ఆడండి. ఓడ ఎవరిది, సరుకు ఎవరు చేశారు, రేవులో భయం లేకుండా దిగింది ఎవరి మాట నమ్మి, ఈ మూడూ అడుగుతూ ఆడండి.

కోదాడలో, సూర్యాపేటలో ఇంజనీరింగు చదివిన పిల్లలున్నారు. కంప్యూటర్ భాషలు తెలిసినవాళ్లు. మోటుపల్లి నుంచి బందరు దాకా, బందరు నుంచి హోర్ముజ్ దాకా ఒక ఆట వాళ్లెందుకు కట్టకూడదు? అందులో నేతగాడికీ, పల్లెకారుకూ, సరంగుకూ, సిరివేరు తవ్వే మనిషికీ తలా ఒక మెట్టు ఉండాలి. ఆటగాడు తెలుగు మాట్లాడుతూ నమాజు చదవగలగాలి. మొదటి నియమం కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. సుంకం ముప్పైకి ఒకటి. తుఫానుకు చెడి ఒడ్డుకొచ్చినవాణ్ణి దోచుకోకూడదు.